గుంతలో కూర్చుంటే కనిపించే వీధి

ఈ మధ్య పొద్దున పూట మా ఇంటికి మనుషులు రావడం మళ్లీ మొదలైంది. ఈసారి మా వార్డు రిజర్వేషన్ మహిళకు వస్తుందని ఊళ్లో మాట పుట్టింది. దాంతో మదనపల్లెలో నాకు తెలిసిన మగవాళ్లలో సగం మందికి తమ భార్యలు ఉన్నట్టుండి గుర్తొచ్చారు. ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెను బయట అరుగు మీద కూర్చోబెట్టి, లోపల నాతో గంటసేపు ప్రచారం గురించి మాట్లాడాడు. పోయేటప్పుడు నేనే ఆమెను అడిగాను, నిలబడాలని నీకుందా తల్లీ అని. ఆమె నా వైపు చూడలేదు, ఆయన మొహం చూసింది.

భవాని మాత్రం ఒక్కతే వచ్చింది. మా మగ్గాల వీధి గంగులప్ప కూతురు. ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. పార్టీ గొడవ లేకుండా స్వతంత్రంగా నిలబడతానంది. నామినేషన్ కాగితం మీద ప్రతిపాదించేవాడిగా నా సంతకం కావాలంది. సంతకం పెట్టడానికి క్షణం పట్టదు. అయినా నేను వారం గడువు అడిగాను.

ఎందుకంటే ఆ పిల్ల తండ్రి మగ్గం ఆగిపోయింది నా వల్ల. ఆ సంగతి ఆమెకు సగమే తెలుసు. మిగతా సగం తెలియకుండా నా సంతకం తీసుకుంటే అది ఆమెకు అన్యాయం. కాబట్టి నోటితో చెప్పలేనిదంతా కాగితం మీద పెడుతున్నాను. ఆమెకోసం రాస్తున్నా, కష్టం చేసుకుని బతికేవాళ్ల తరఫున ఎన్నికల్లో నిలబడాలనుకునే ఎవరికైనా ఇది పనికి రావచ్చు. నేను మూడుసార్లు నిలబడ్డాను. ఒక్కసారి గెలిచాను. గెలిచిన ఆ ఒక్కసారే పెద్ద తప్పు చేశాను.

మైకు పెట్టుకుని తిరిగిన ఏడాది

మాది నేత కుటుంబం. మగ్గం గుంత తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మా ఇళ్లలో నేల తవ్వి, గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి నేస్తాం. కాళ్లతో తొక్కే పలకలు గుంతలో ఉంటాయి, నిలువు పోగుల పడుగు నేలకు కొంచెం పైన సాగి ఉంటుంది. నేసేవాడు ఉండేది నేలబారున. ఇంటికి ఎవరొచ్చి నిలబడినా, వాళ్ల మోకాళ్లు మా మొహానికి ఎదురుగా ఉంటాయి.

ఇరవై ఏళ్లకు పైగా అట్లా కూర్చుని పట్టుచీరలు నేసినవాణ్ణి. అయినా మొదటిసారి కౌన్సిలరుగా నిలబడ్డప్పుడు ఆటోకు మైకు కట్టించి వీధుల్లో తిరిగాను. కూలి రేట్ల గురించి, పట్టు ధర గురించి, చేనేత కార్డుల గురించి గొంతు పోయేదాకా మాట్లాడాను. నేను చెప్పిన దాంట్లో అబద్ధం ఏమీ లేదు. ఒక్కరికీ వినపడలేదు, అంతే. మగ్గాల చప్పుడులో బయట పెళ్లి బాజా పోయినా తెలియదని నాకు తెలుసు, కానీ ఆటో ఎక్కేసరికి మరిచిపోయాను.

డిపాజిట్ దక్కిందని మా బావమరిది స్వీట్లు పంచాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పుంగనూరు మేస్త్రి

ఓడిపోయిన నెలకు పుంగనూరు నుంచి మునిరత్నం మేస్త్రి వచ్చాడు. అక్కడ బస్తాలు మోసే కూలీలకు ఆయన పెద్దదిక్కు. తానూ మూపు కాయలు కాసేదాకా మూటలు మోసినవాడు. వార్డు మెంబరుగా మొదలుపెట్టి ఎన్ని ఎన్నికల్లో నిలబడ్డాడో ఆయనకే లెక్క తెలియదు. ఎక్కువసార్లు ఓడిపోయాడు. అయినా పుంగనూరులో ఏ కూలీకి దెబ్బ తగిలినా ముందు ఆయన ఇంటికే పరిగెత్తేవాళ్లు. నాకు ఈ పనిలో గురువంటూ ఒకరున్నారంటే ఆయనే.

వచ్చి మా ఇంట్లో సంగటి తిన్నాడు. ఓటమి గురించి ఒక్క మాట అడగలేదు. పద, మీ వీధి చూపించు అన్నాడు. మొదట పోయింది గంగులప్ప ఇంటికి. నేను గుమ్మం లోపల నిలబడి పలకరించాను. మేస్త్రి చెప్పులు బయట విడిచి, లోపలికొచ్చి, మగ్గం పక్కన నేల మీద చతికిలబడ్డాడు. గంగులప్ప నేత ఆపలేదు. మేస్త్రి ఆపమనలేదు. చాలాసేపు అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పోవడం చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి గంగులప్పే మాట్లాడటం మొదలుపెట్టాడు. కొళాయి నీళ్లు రాని సంగతి, భార్య రెడ్డెమ్మకు నడుము నొప్పి, అప్పటికి అయిదో తరగతిలో ఉన్న భవాని లెక్కల్లో ఫస్టు రావడం. పక్కింటివాడినైన నాకు అందులో సగం తెలియదు.

బయటికొచ్చాక మేస్త్రి అన్న మాట ఇది.

"కూసోని ఉండేవాడి దగ్గర నిలబడి మాట్లాడితే వాడు తల ఎత్తల్ల. తల ఎత్తి మాట్లాడేవాడు నిజం చెప్పడప్పా, మర్యాద చెప్తాడు."

తర్వాతి అయిదేళ్లూ నేను అదే చేశాను. మైకు ముట్టలేదు. రోజుకు రెండు ఇళ్లు, మూడు ఇళ్లు. పని జరుగుతుండగానే పోయి కింద కూర్చునేవాణ్ణి. ఎన్నికలు ఉన్నా లేకపోయినా అదే తీరు.

ఆ కూర్చోవడం వల్లే వేలిముద్రల సంగతి బయటపడింది. మా వీధిలో ఒక అవ్వ రెండు నెలలుగా రేషన్ బియ్యం తెచ్చుకోలేదు. మీటింగులో అడిగితే అందరూ బాగానే ఉందన్నారు. ఆమె పక్కన కూర్చుని దారం చుట్టడం చూస్తుంటే, బొటనవేలు చూపించి నవ్వింది. జీవితమంతా పట్టుపోగులు లాగి లాగి ఆ వేలు నున్నగా అయిపోయింది, మిషన్ పట్టడం లేదు. నా వేలే నాది కాదంటాండాది నాయనా అంది. మీటింగులో చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది, వేలు లేనిదానిలాగా ఉంటుందని. అట్లాంటివాళ్లను వీధిలో వెతికితే చాలామంది తేలారు. అందరినీ తీసుకుపోయి ఆఫీసులో కూర్చోబెట్టాను. కళ్లు చూసే మిషన్ వచ్చేదాకా లేవలేదు. ఈ పనిలో నేను గర్వంగా చెప్పుకునేది అదొక్కటే.

రెండోసారి గెలిచాను.

రెండో మెట్టు

గెలిచినవాడికి మొదట జరిగేది ఏమిటంటే, నిలబడటం అలవాటవుతుంది. రిబ్బను దగ్గర నిలబడాలి, ఫొటోలో నిలబడాలి, వచ్చిన అధికారి పక్కన నిలబడాలి. ఎవరూ కింద కూర్చోనివ్వరు. కుర్చీ తెచ్చి వేస్తారు. వద్దంటే వాళ్లు నొచ్చుకుంటారు. ఏడాది తిరిగేసరికి నాకూ కుర్చీయే బాగుంది.

మా వీధికి సిమెంటు రోడ్డు వేయిస్తానని మాట ఇచ్చాను. అది అందరూ అడిగిందే. రోడ్డు మంజూరైంది. కొలతలకు వచ్చింది ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, శైలజ. ఒంగోలు వైపు అమ్మాయి, మొదటి ఉద్యోగం. టేపు పట్టుకుని ప్రతి ఇంటి ముందూ ఆగి రాసుకుంది. మా వీధి ఇళ్లకు ఒకప్పుడు రెండేసి మెట్లు ఉండేవి. ఒక మెట్టు నాకు ముందున్నవాళ్లు వేసిన రోడ్లు మింగేశాయి. కంకర మీద తారు, తారు మీద తారు. ఇప్పుడు దీని మీదే సిమెంటు వేస్తే రెండో మెట్టు కూడా పోతుంది, రోడ్డు గడపల కంటే ఎత్తు అవుతుంది, కాబట్టి ముందు పాత రోడ్డు తవ్వి తీసేసి, కాలువలు కట్టి, ఆ తర్వాత వేయాలని ఆమె చెప్పింది.

వీధి ఎన్నాళ్లు మూతపడుతుందని అడిగాను. మూడు నెలలైనా అంది.

మా ఊళ్లో తవ్విన వీధుల సంగతి నాకు తెలుసు. పక్క పేట వీధి ఒకటి తవ్వి, ఏదో కారణాన ఆగి, రెండు వానాకాలాలు బురదలో పడి ఉంది. అది నా కళ్ల ముందు జరిగింది. మా వీధికి ఆ గతి పట్టకూడదనే ఆమెతో గట్టిగా మాట్లాడాను. తవ్విన వీధి తవ్వినట్టే పడి ఉంటుందమ్మా, నువ్వు రేపు బదిలీ మీద పోతావు, నేను వీళ్ల మధ్యే బతకాలి అన్నాను. ఉగాదికి రోడ్డు చూపిస్తానని అందరికీ చెప్పేశాననే మాట మాత్రం బయటికి అనలేదు. ఆమె ఒప్పుకోలేదు. పైవాళ్ల దగ్గరికి పోయి, వీధి జనమంతా ఇదే కోరుతున్నారని చెప్పి ఒప్పించుకొచ్చింది నేనే. ఆమె తన అభ్యంతరం కాగితం మీద రాసి ఫైలులో పెట్టింది. చెప్పాల్సింది చెప్పాను సార్ అని నాతో అంది.

ఉగాదికి రోడ్డు వచ్చింది. తెల్లగా, చదునుగా, అద్దంలా ఉంది. ఆడవాళ్లు ముగ్గులు వేశారు. నన్ను ఇల్లిల్లూ తిప్పి పానకం ఇచ్చారు. గంగులప్ప ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. నా వెనక పదిమంది ఉన్నారు. ఆయన మగ్గం మీదే ఉన్నాడు. మా ఇళ్ల తలుపులు పొట్టివి. ఆయన కూర్చున్నచోటి నుంచి వీధిలోకి చూసి అన్నాడు.

"అన్నా, నా చిన్నప్పుడు ఈడ కూసుంటే పొయ్యేవాళ్ల మొగాలు కనిపిస్తాండె. ఇప్పుడు మోకాళ్లు కనిపిస్తాండాయి."

నేను పకపకా నవ్వాను. ఇంకేం, మోకాళ్లు చూసి మనుషుల్ని గుర్తుపట్టడం నేర్చుకోప్పా అన్నాను. వెనకున్నవాళ్లంతా నవ్వారు. గంగులప్ప కూడా నవ్వాడు.

ఈ రాతలో నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదే, భవానీ. ఆయన నాకు లెక్క చెప్పాడు. టేపు పట్టి శైలజ చెప్పిన లెక్కే, గుంతలో కూర్చున్న మనిషి చూపుతో కొలిచి చెప్పాడు. వీధి ఎంత పైకి లేచిందో ఇంకెవరూ అంత సూటిగా చెప్పలేరు. ఇరవై ఏళ్లు అట్లాంటి గుంతలోనే కూర్చున్న నాకు అది అర్థం కావడానికి అర నిమిషం కింద కూర్చుంటే సరిపోయేది. ఏరు దాటి తెప్ప తగలేసినవాడి కథ చిన్నప్పుడు విన్నాను, ఎంత తెలివితక్కువవాడో అనుకున్నాను.

వాన

ఆ ఏడు కార్తీకంలో తుఫాను పట్టింది. రెండు రోజులు ముసురు, మూడో రోజు మధ్యాహ్నం కుండపోత. పైనున్న పేటల నీళ్లన్నీ మా కొత్త రోడ్డు మీదికి దిగాయి. పోవడానికి కాలువ లేదు. గడపలు దాటి ఇళ్లలోకి తిరిగాయి. మగ్గం గుంతలు ఒకదాని తర్వాత ఒకటి నిండాయి.

నేను పోయేసరికి గంగులప్ప ఇంట్లో నీళ్లు గుంత నిండి నేల మీదికి పొర్లుతున్నాయి. పెళ్లిచీరల పడుగు సాగదీసి ఉంది, అడుగున తడి పట్టడం మొదలైంది. రెడ్డెమ్మ చెంబుతో నీళ్లు తోడి బయట పోస్తోంది. పోసిన నీళ్లు పోసినట్టే వెనక్కి వస్తున్నాయి. అయినా ఆమె ఆపడం లేదు. జడ తడిసిన భవాని గోడవారన జరీ దారం చుట్టిన కండెలు గుండెకు హత్తుకుని నిలబడి ఉంది.

పడుగు దక్కాలంటే కోసి తీయాలి. అది చెప్పినంత తేలిక కాదు. మా మగ్గాల మీద పడుగు ఎప్పుడూ పూర్తిగా అయిపోనివ్వం. చివర జానెడు మిగిల్చి, ఆ పోగులకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ అతుకుతాం. వేల పోగులు, ఆడవాళ్లు కూర్చుని రోజుల తరబడి అతుకుతారు. అట్లా గంగులప్ప నాయన ఎక్కించిన పడుగు నుంచి ఆ పొద్దుదాకా ఆ మగ్గం ఒక్కసారి కూడా ఖాళీ కాలేదు. మగ్గం ఖాళీ అయితే ఇంటికి మంచిది కాదని మావాళ్ల పట్టింపు.

గంగులప్ప కత్తి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత దాన్ని నా వైపు చాచాడు.

"నువ్వే కొయ్యన్నా. నాకు చెయ్యి రాలేదు."

నేనే కోశాను. బిగించిన పట్టు తెగేటప్పుడు చిన్న శబ్దం వస్తుంది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పడుగు చుట్టి అటక మీద పెట్టాం, అయినా అప్పటికే సగం పాడైంది.

ఇంతవరకు నేను చేసింది చెబితే వినక చేసిన తప్పు. తర్వాతిది తెలిసి చేసింది. బయటికి వచ్చేసరికి వీధి జనమంతా మోకాలి లోతు నీళ్లలో ఉన్నారు. శైలజ కూడా వచ్చింది, చీర కుచ్చిళ్లు తడిసి, చేతిలో గొడుగు ఉన్నా తెరవకుండా. ఎట్లా జరిగిందన్నా ఇది అని ఎవరో అడిగారు. అందరూ నా వైపు చూశారు. నేను ఆమె వైపు చూపించాను. ఇంజనీరమ్మ లెవెల్ సరిగ్గా చూసుకోలేదు అన్నాను.

ఆమె నన్ను చూసింది. ఆ తర్వాత ఆడవాళ్లు ఆమెను అన్న మాటలు ఇక్కడ రాయను. రెండు నెలలకు ఆమెకు కుప్పం వైపు బదిలీ అయింది.

కుప్పం బస్సు

గంగులప్ప గుంత ఆరడానికి చాలా కాలం పట్టింది. పనిచ్చే షావుకారు కొత్త పడుగు ఇవ్వలేదు, తడి ఇంట్లో పట్టు పెట్టలేనన్నాడు. ఆయన్ను తప్పుపట్టలేను. గంగులప్ప బెంగళూరుకు వాచ్‌మన్‌గా వెళ్లిపోయాడు. తండ్రి ఊరు విడవడంతో భవాని చదువుతూనే సాయంత్రాలు బట్టలు కుట్టింది. వీధిలో అట్లా ఒక్కొక్కటే ఆగాయి. మగ్గం చప్పుడు తగ్గిపోయింది. ఆటో మైకు ఇప్పుడైతే బాగా వినపడుతుంది.

పుంగనూరు పోయి మునిరత్నం మేస్త్రికి అంతా చెప్పాను. అప్పటికి ఆయన మంచంలో ఉన్నాడు. నన్ను ఓదారుస్తాడనుకున్నాను. రోడ్డు గురించి ఏమీ అనలేదు, రోడ్డు తప్పు ఎవడైనా చేస్తాడన్నాడు. ఇంజనీరు సంగతి విని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఆ బిడ్డ గూడా కూలికొచ్చిందే కదప్పా. నెల జీతానికి ఊరుగాని ఊరొచ్చింది. కష్టపడేవాళ్ల మనిషినని చెప్పుకుంటావు, ఆయమ్మ నీ కంటికి యాల కనపడలేదు?"

ముందు ఆమెకు చెప్పి రా, తర్వాత నా మొహం చూడు అని పంపించేశాడు.

మర్నాడే బస్సెక్కాను. పలమనేరులో మారి కుప్పం దారి పట్టాను. ఆమె రామకుప్పం దగ్గర ఒక పల్లె రోడ్డు పని మీద ఉందని తెలిసింది. నేను పోయేసరికి రాగిచేను పక్కన గట్టు మీద రైతులతో మాట్లాడుతోంది. ముందు రోజు ఏనుగులు పడి తొక్కిన చేను అది. కల్వర్టు ఎక్కడ పెడితే చేలోకి నీళ్లు తిరగవో ఒక ముసలాయన కర్రతో గీసి చూపిస్తున్నాడు. ఆమె గట్టు మీద కూర్చుని రాసుకుంటోంది. నేను పక్కకు పోయి నిలబడ్డాను. వాళ్ల మాటలయ్యేదాకా ఆమె నన్ను పలకరించలేదు.

చెప్పాల్సింది చెప్పాను. తప్పు నాదేనని, తెలిసీ నీ మీద వేశానని. ఫైలులో నీ కాగితం ఉంది కదమ్మా, ఆ రోజు ఎందుకు చూపించలేదని కూడా అడిగాను.

"ఎవరు నమ్మేవాళ్లు సార్? వాళ్లు మీ మనుషులు. నేను పైనుంచి వచ్చినదాన్ని."

నన్ను క్షమించమ్మా అన్నాను. ఆమె రాసుకున్న కాగితాలు సంచిలో పెట్టుకుంది. తర్వాత క్షమించానని మాత్రం చెప్పలేనండి అంది. ఆ ఆడవాళ్లు అన్న మాటలు తన తల్లికి ఇంతవరకు చెప్పుకోలేకపోయానంది. సంచిలోంచి కాగితం తీసి మా వీధి కొలతలు, ఎంత తవ్వాలో, కాలువ ఎటు వాలాలో గీసి ఇచ్చింది. ఒక్క అంకె కోసం కూడా తడుముకోలేదు, అన్నీ గుర్తున్నాయి.

"నాకు చెప్పడం సరే సార్. వాళ్లకు చెప్పండి. రోడ్డు తవ్వించండి."

తిరుగు బస్సులో ఆ కాగితం జేబులో పెట్టుకుని ఏడ్చాను. పక్క సీటాయన ఎవరైనా పోయారా అని అడిగాడు.

మూడోసారి

మూడోసారి నిలబడ్డప్పుడు ప్రతి ఇంట్లో కింద కూర్చుని ఒకటే మాట చెప్పాను. వీధి ఎత్తు పెంచింది నేను, ఇంజనీరమ్మ వద్దంది, నేను వినలేదు, తర్వాత ఆమె మీద వేశాను. ఉగాది నాడు గంగులప్ప చెప్పిన మాటకు నవ్విన సంగతి మాత్రం నోటికి రాలేదు. మా పార్టీ పెద్దాయన తల పట్టుకున్నాడు. కాంట్రాక్టరు మీద కొంత, వాన మీద కొంత తోసేయమన్నాడు, తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు. అప్పటికే ఒకరి మీద తోసి చూశాను, చాలన్నాను.

బాగా ఓడిపోయాను. నిజం చెప్పినందుకే ఓడిపోయానని గొప్పలు పోను. నాకు ఓటు వేసేవాళ్లలో చాలామంది అప్పటికి ఊళ్లో లేరు, బెంగళూరులోనో తిరుపూరులోనో ఉన్నారు. ఉన్నవాళ్లలో కొందరు నా మొహం మీదే అన్నారు, ఆ రోజు నీళ్లలో నిలబడి చెప్పాల్సిన మాట ఇప్పుడు ఓట్లకొచ్చి చెబుతున్నావని. ఆలస్యంగా చెప్పిన నిజానికి సగం విలువ కూడా ఉండదు.

పదవి పోయాక శైలజ గీసిన కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. కుర్చీ వేసేవాళ్లు లేరు కాబట్టి మళ్లీ కింద కూర్చోవడం వచ్చింది. ఏళ్లు పట్టింది. చివరికి రోడ్డు తవ్వారు, కాలువ కట్టారు, రెండు మెట్లూ బయటపడ్డాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పటికి వీధిలో నేసే మగ్గాలు రెండే మిగిలాయి. మేస్త్రి ఆ కాలువ చూడకుండానే పోయాడు. ఫొటో తీసి శైలజకు పంపాను. వాలు సరిగ్గా ఉంది అని జవాబిచ్చింది.

సంతకం

నిన్న గంగులప్ప బెంగళూరు నుంచి వచ్చాడని తెలిసి, ఇంతవరకు రాసిన కాగితాలు తీసుకుని వాళ్లింటికి పోయాను. భవానికి ఇచ్చాను. ఆమె లోపలి గదిలోకి పోయి చదువుకుంటుంటే, నేను ఎప్పటిలాగే పోయి మగ్గం పక్కన కూర్చోబోయాను. మగ్గం లేదు. గుంత పూడ్చి, పైన బండ పరిచి, దాని మీద కుట్టుమిషను పెట్టారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు అట్లాగే ఉండిపోయాను. రెడ్డెమ్మ చాప తెచ్చి ఆ బండ మీదే వేసింది. చెంబుతో నీళ్లిచ్చింది. అప్పుడు తోడి పోసిన చెంబు అదేనేమో నాకు తెలియదు, అడగలేదు.

గంగులప్పకు చెవులు కొంచెం మందగించాయి. పని ఎట్లా ఉందని అడిగాను. అపార్ట్‌మెంటు సెల్లారులో కుర్చీ వేశారట, వచ్చేపోయే కార్లు రాసుకోవడం పని. కష్టమేమీ లేదన్నాడు. కాళ్లు ఊపకుండా కూర్చోవడమే ఇంకా అలవాటు కాలేదన్నాడు. తొక్కడానికి పలకలు లేవు కదా.

రోడ్డు గురించి నేనే ఎత్తాను. ఆ ఉగాది రోజు నువ్వు చెప్పిన మాట నేను వినలేదు గంగులప్పా అన్నాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"నువ్వు నవ్వినావు, నేనూ నవ్వినా కదన్నా. నాకు మాత్రం తెలిసి చెప్పినానా? కంటికి కనిపించింది చెప్పినా."

తర్వాత లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించాడు, చెవులు మందం కాబట్టి అది కూడా గది దాకా వినపడేంత పెద్దగానే ఉంది.

"రేపు నా బిడ్డ దగ్గరికి గూడా ఎవురో ఒకరు వచ్చి ఇట్లాంటి మాటే చెప్తారు. అది విని నవ్వొద్దని చెప్పన్నా దానికి. ఆ ఒక్కటి నేర్పించు సాలు."

భవాని బయటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను ఏమంటానో అని ఆగలేదు, వచ్చి బండ మీద నా ఎదురుగా కూర్చుంది. కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఇంకో ప్రతి కావాలంది, ఇంకా కుప్పం వైపే ఉన్న శైలజ మేడమ్‌కు తానే తీసుకుపోయి ఇస్తానంది.

నామినేషన్ కాగితం తీసి నా ముందు పెట్టింది. పెన్ను నా చేతిలో ఉంది. ఏమన్నా చెప్పాలనుకుంటే సంతకానికి ముందే చెప్పు పెద్దనాయనా అంది.

మీ నాయన చెప్పింది విన్నావా అని అడిగాను.

విన్నానంది. ఆమె మొహంలో నవ్వు లేదు.

సంతకం పెట్టాను.